నీరోడని ఉప్పు

నౌపడ స్టేషను దాటి తూర్పుకి నడిస్తే చెట్టూ చేమా తగ్గిపోయి, కంటికి ఆనినంత మేరా ఉప్పు మళ్ళే కనిపిస్తాయి. ఆ మళ్ళలో కృపానిధిని ఎంత దూరం నుంచైనా పోల్చుకోవచ్చు. మిగతావాళ్ళు నడిచేవారు, అతను ఉరికేవాడు. అన్నం నిలబడి తినేవాడు. దారిలో పలకరిస్తే జవాబు చెబుతూనే దాటిపోయేవాడు, ఆ జవాబులో సగం మన వీపు వెనక వినిపించేది. చెడ్డవాడు కాదు. ఎవరింట్లో జబ్బు చేసినా ముందు వచ్చేది అతనే. ముందు లేచిపోయేదీ అతనే.

మా తాటాకు గుడిలో ఆదివారం అతని చోటు గుమ్మం పక్కన. ఉపదేశి గారు ప్రార్థనకి కళ్ళు మూసుకోమంటే అందరం మూసుకునేవాళ్ళం. కృపానిధి కళ్ళు మాత్రం గుమ్మం బయట ఆకాశం మీద ఉండేవి.

అందుకు కారణం లేకపోలేదు. అరవై ఏడో సంవత్సరం వేసవిలో కాలం కాని కాలంలో వాన పడింది. అతను పోసుకున్న ఉప్పు కుప్పలన్నీ ఒక్క మధ్యాహ్నంలో కరిగి కాలవలో కలిసిపోయాయి. ఆ ఏడాది అతని భార్య ఏసమ్మ పిల్లల్ని అత్తగారికి అప్పజెప్పి పాతపట్నం వైపు చేలల్లోకి కూలికి పోయింది. అప్పటినుంచి దేవుడు ఇస్తాడు గాని మబ్బు పట్టుకుపోతుంది అని అనేవాడు కృపానిధి. నవ్వుతూ అనేవాడు గాని ఆ నవ్వు కళ్ళదాకా వచ్చేది కాదు.

ఉప్పు పని తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. మడిలో నేలని కాళ్ళతో తొక్కి తొక్కి గట్టిపరుస్తారు. దానిమీద ఉప్పునీరు పెట్టి ఎండకి వదిలేస్తారు. ఉప్పు పేరుకున్నాక కర్రపలకతో గట్టుకి లాగి కుప్ప పోస్తారు. అక్కడితో అయిపోదు. కుప్పమీద తాటాకు కప్పి కొన్నాళ్ళు అలా ఉంచెయ్యాలి. అడుగునుంచి చేదునీరు బొట్టు బొట్టుగా ఓడిపోవాలి. అది ఓడేవరకు చూడటానికి ఉప్పే గాని కూరలోకి పనికిరాదు. ఆ ఓడే రోజుల్లో మనిషి చెయ్యగలిగింది ఏమీ లేదు. కృపానిధి పడలేనిది ఆ రోజుల్నే.

మా సంఘంలో ఒక ఆచారం ఉండేది. ఈస్టరు వెళ్ళిన మరుసటి ఆదివారం మళ్ళలో పనిచేసేవాళ్ళు తొలి ఉప్పు గంపతో గుడికి తెచ్చేవారు. బల్లపక్కన పెట్టి ప్రార్థన చేశాక ఆ ఉప్పుని ఇంటింటికీ పంచేవారు. అందరి ఇళ్ళలో ఆ ఏటి ఆవకాయకి ఆ ఉప్పే. ఏడాది పొడుగునా దేవుడిచ్చిన తొలి పంటని ముద్దలో కలుపుకున్నట్టు అనుకునేవాళ్ళం. అరవై ఎనిమిదిలో ఆ వంతు కృపానిధికి వచ్చింది.

ఆ ఏడు ఉప్పు బాగానే కట్టింది. కుప్పలు పోసిన రెండోనాడే సముద్రం వైపు చిన్న మబ్బు లేచింది. కృపానిధి ఇక ఆగలేదు. భార్యనీ బావమరిదినీ తీసుకుపోయి, నీరు కారుతున్న ఉప్పుని కారుతున్నట్టే గంపలకెత్తి ఇంటికి మోయించడం మొదలెట్టాడు.

పక్క మళ్ళు జగ్గమ్మవి. మొగుడు పోయిన మనిషి, వాళ్ళు హిందువులు, అతనికంటే పెద్దది. అక్కని పిలిచినట్టు అతను ఆమెని అప్పా అని పిలిచేవాడు. ఆమె తన కుప్పమీద తాటాకు సర్దుకుంటూ చూసింది.

"ఒరే, నీరోడనియ్యరా. సేదుగుంటాది అది."

"వానొస్తే సేదూ ఉండదు, ఉప్పూ ఉండదు."

"దేవుడున్నాడు కాదేటి. నాకంటే నీకే ఎక్కువ సెప్తారు గదా గుడిలో."

కృపానిధి గంప నెత్తికెత్తుకుంటూ, ఆగకుండానే, ఆమె గుండెలో దిగేలా ఒక మాట అనేశాడు.

"పోయినేడు నీ దేవుడు నీ కుప్ప కాసేడేటప్పా? నాకంటే ముందు కరిగిపోనాది నీదే."

జగ్గమ్మ తాటాకు మీద రాయి పెట్టి, అది కదులుతుందేమో అని ఇంకో రాయి పెట్టింది.

వాన వచ్చింది. పెద్ద వాన కాదు గాని జగ్గమ్మ కుప్ప ఒక పక్క కోసుకుపోయింది. కృపానిధి ఉప్పు ఇంట్లో చాపలమీద, ఎండ వచ్చినప్పుడల్లా వాకిట్లో ఆరి, తెల్లగా మెరిసింది. ఆదివారం నాడు అదే గంపతో గుడికి వచ్చింది. ఉపదేశి గారు ప్రార్థన చేశారు. అందరం కొంగుల్లో, గిన్నెల్లో పట్టుకుపోయాం. మామిడికాయలు వచ్చాక ఇంటింటా ఆవకాయ పెట్టుకున్నారు.

శ్రావణంలో ముసురు పట్టినప్పుడు మా సంఘం పెద్దమ్మ జ్ఞానసుందరి గారింట్లో ప్రార్థన కూడిక జరిగింది. ఆమె ఆడవాళ్ళ ప్రార్థనలు నడిపేవారు. పాటలయ్యాక, దేవుడు చేసిన మేళ్ళకి సాక్ష్యాలు చెప్పమన్నారు. ఎన్నడూ లేనిది కృపానిధి లేచాడు. దేవుడు తనకి రెండు కాళ్ళూ తొందరపడే బుద్ధీ ఇచ్చాడనీ, కూర్చుని చూసినవాళ్ళ ఉప్పు నీటిపాలైందనీ, పరిగెత్తిన తన ఉప్పు మాత్రం ఈరోజు ఇంతమంది ముద్దలో ఉందనీ చెప్పాడు. దేవుడికి స్తోత్రం అన్నాడు.

జ్ఞానసుందరి గారే ముందు ఆమేన్ అన్నారు. ఆ వెనక అందరం అన్నాం.

తరవాత భోజనాలు. అన్నం, పప్పుచారు, పక్కన ఉల్లిపాయ ముక్కా వేయించిన ఎండుమిరపకాయా. కృపానిధి ఆరోజు సంతోషంలో ఉండి కూర్చునే తిన్నాడు. పప్పుచారులోకి కాస్త ఆవకాయ వెయ్యమన్నాడు. వడ్డిస్తున్న జ్ఞానసుందరి గారి చెయ్యి ఆగింది.

"అయిపోయింది, బాబూ."

"అప్పుడేనా అమ్మా? మాయింట్లో జాడీ నిండా ఉన్నాది, అందరికీ తెస్తాను."

వద్దంటున్నా వినకుండా లేచి వానలోనే ఉరికాడు. వాళ్ళ ఇల్లు రెండిళ్ళ అవతల. పిల్లకి జ్వరమని ఏసమ్మ ఆరోజు కూడికకి రాలేదు. అతను జాడీ ఎత్తుకుని గుమ్మం దాటబోతుంటే ఆమె అడ్డం నిలబడింది. ఆ తరవాత ఆమె నోటినుంచే మాకు తెలిసింది ఏం మాట్లాడుకున్నారో.

"అది పట్టుకెల్లకు. అది నీ ఉప్పు కాదు."

కాదంటే ఏమిటన్నాడతను. అప్పుడు చెప్పిందామె, తలుపుకేసి చూస్తూ. అతని ఉప్పుతో పెట్టిన ఆవకాయ ఒక్క ఇంట్లోనూ నిలవలేదు. జాడీల్లో నీరు ఊరింది, చేదెక్కింది, పైన బూజు కట్టింది. పోయిన ఏడు అతను ఎంత పోగొట్టుకున్నాడో అందరికీ తెలుసు గనక ఎవరూ నోరెత్తలేదు. అతను మళ్ళకి వెళ్ళాక ఆడవాళ్ళు జాడీలు కాలవగట్టున ఒంపేసి, కడిగి, బోర్లించుకున్నారు. మా అమ్మా అలాగే చేసింది. ఏసమ్మదీ పాడైంది. అది తెలిసి జగ్గమ్మ, తనకి మిగిలిన ఉప్పుతో మళ్ళీ ఆవకాయ కలిపి, జాడీ తెచ్చి పెరటి గుమ్మంలో పెట్టి వెళ్ళింది. ఆడికి సెప్పకు, అంది.

అతను ఇన్నాళ్ళుగా మెచ్చుకుంటూ తిన్నది ఆ ఆవకాయ.

మేం కంచాల ముందు కూర్చునే ఉన్నాం. అతను రాడేమో అనుకున్నాం. వచ్చాడు. ఆరోజే మొదటిసారి కృపానిధి నడవడం చూశాను. జాడీ గుండెకి ఆనించుకుని, తడుస్తూ, మెల్లగా వచ్చాడు. మూత తీసి ఒక్కొక్కరి కంచంలో వేసుకుంటూ వెళ్ళాడు. తల ఎత్తలేదు. చివర జ్ఞానసుందరి గారి దగ్గరకొచ్చాక అన్నాడు.

"ఇది జగ్గప్ప ఉప్పమ్మా. నాది కాదు."

"తెలుసు బాబూ. కూకో, నువ్వూ తిను. సల్లారిపోతాది."

కూర్చోలేకపోయాడు. జాడీ అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

తరవాత చాలా ఆదివారాలు గుడి లోపలికి రాలేదు. బయట తాటాకు చూరు కింద నిలబడి పాట వినేవాడు. లోపలికి రమ్మని ఎవరూ బలవంతపెట్టలేదు. అతను నిలబడేచోట మాత్రం ఎవరో చాప వేసి ఉంచేవారు. ఎవరన్నది నాకు తెలియదు. ఒకరోజు దానిమీద కూర్చున్నాడు. ఉపదేశి గారు ప్రార్థన అనగానే అటు తిరిగి చూశాను, చూడకూడదు గాని. కళ్ళు మూసుకునే ఉన్నాడు. మొహం మాత్రం ఎండలో నిలబెట్టిన మనిషి మొహంలా ఉంది.

సంక్రాంతి వెళ్ళి మళ్ళు తొక్కే రోజులు వచ్చాయి. జగ్గమ్మ తన మడికి వెళ్ళేసరికి అందులో కృపానిధి ఉన్నాడు. గట్టుమీద నిలబడి చూసి చూసి అడిగిందట.

"నీ మడి ఇటా, అటా? దారి తప్పేవేటిరా?"

"తప్పేనప్పా."

ఆమెకి అర్థమైంది. గట్టుమీద చతికిలబడి పొగాకు చుట్టుకుంటూ అతని కాళ్ళవైపు చూసింది.

"మెల్లగా తొక్కు. ఎవులు తరుముతన్నార్రా నిన్ను?"

"ఎవులూ లేరప్పా. నాకే నమ్మకం లేదు," అన్నాడతను. మడి ఆ చివరిదాకా తొక్కి వచ్చి, ఆరోజు అన్న మాట తనని తిననివ్వడం లేదన్నాడు. ఏ మాటరా అంది జగ్గమ్మ. మరిచిపోయి కాదు. అతను మళ్ళీ ఆ మాట నోటితో అనకుండా ఉండాలని.

అరవై తొమ్మిదిలో కూడా తొలి ఉప్పు అతన్నే తెమ్మన్నారు పెద్దలు. తన చేతి ఉప్పు ఇంక ఎవరింటికీ వద్దని బతిమాలాడు. జ్ఞానసుందరి గారు గంప కడిగి ఏసమ్మ చేతికిచ్చి పంపారు.

ఆ పండగ ఆదివారానికి ఉప్పు కుప్పలో ఉంది, నీరు ఇంకా ఓడుతోంది. అతను తేలేదు. బల్లపక్కన ఒట్టి గంప పెట్టి ప్రార్థన జరిగింది. ప్రార్థన మధ్యలో గుమ్మం చీకటి పడింది, గాలి మారింది. మబ్బు. మగవాళ్ళు ఒకరిద్దరు లేచి వెళ్ళారు, వెళ్ళడంలో తప్పేమీ లేదు. చూరు కింద చాపమీద ఉన్న కృపానిధి లేవలేదు. కుప్పకి ముందే తాటాకు కప్పాడు, రాళ్ళు పెట్టాడు, ఇక తన చేతిలో ఉన్నదేమీ లేదు. రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టి నొక్కి పట్టుకున్నాడు, అవే లేచిపోతాయేమో అన్నట్టు. వాన చప్పుడు మొదలైనప్పుడు అతని పెదాలు కదిలాయి. ఏమని అడిగాడో నాకు తెలియదు. ఉప్పు నిలపమని అడిగి ఉంటాడని మాత్రం అనుకోను.

కుప్పలో సగం పోయింది. మిగిలిన సగాన్ని అతను ముట్టుకోలేదు. ఎండలు మళ్ళీ కాశాయి, అడుగున గట్టు తడి ఆరింది. అప్పుడు జగ్గమ్మని పిలిచి చూపించాడు. ఆమె ఉప్పు పలుకు నోట్లో వేసుకుని, గంప ఎత్తింది అతని నెత్తికి.

జ్ఞానసుందరి గారు వాకిట్లో మామిడి ముక్కలకి కారం, ఆవపిండి పట్టించి ఉప్పుకోసం ఎదురుచూస్తున్నారు. నేను ముక్కలు తుడుస్తూ అక్కడే ఉన్నాను. కృపానిధి గంప దించి, గుమ్మానికి ఎడంగా నిలబడి, నేలవైపు చూస్తూ అన్నాడు.

"రుచి సూడండమ్మా ముందు. బాగుంటేనే వెయ్యండి."

ఆమె చూడలేదు. కొలిచే సోల నిండా తీసి, ముక్కలమీద పోసి, చెయ్యి పెట్టి కలిపేశారు. ఇంకో సోల తియ్యబోతూ ఎత్తు పీట అతని వైపు జరిపారు.

కృపానిధి కూర్చున్నాడు. కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అది ఆవపిండి ఘాటుకే అనుకున్నట్టు మేం ముక్కలు కలుపుతూ కూర్చున్నాం. అతను చాలాసేపు లేవలేదు.