మైకులో చేసిన ప్రార్థన

పాస్టరుగా నలభై ఏళ్ళు ప్రార్థనలు చేశాను, విన్నాను. వినడమే కష్టం. మనవాళ్ళు కళ్ళు మూసుకొని దేవుని పేరు పెట్టి పక్కనున్న మనిషితో మాట్లాడతారు. మా సంఘంలో ఒక అత్త ప్రతి శుక్రవారం ఉపవాస కూటంలో, "ప్రభువా, ఎండ నడినెత్తికొచ్చినా లేవని బిడ్డలను నువ్వే తట్టి లేపు తండ్రీ" అని ఏడ్చేది. పక్కనే కూర్చున్న కోడలు దానికి ఆమేన్ అనేది కాదు. తన వంతు రాగానే, "ప్రభువా, పెద్దవాళ్ళ నోటికి కాస్త విశ్రాంతి దయచెయ్యి" అనేది. వాళ్ళిద్దరి మధ్య ప్రభువుకు పోస్టుమాను పని. దీని మీద నేను ఎన్నిసార్లు గద్దించానో చెప్పలేను. గద్దించే హక్కు నాకుందని అనుకున్న రోజులవి.

మాది జమ్మలమడుగు నుంచి పెద్దముడియం పోయే దారిలో చిన్న ఊరు. మందిరం కట్టిన కొత్తలో ప్రొద్దుటూరుకు పోయి మైకూ, హారను స్పీకరూ కొనుక్కొచ్చి, హారను మిద్దె మీద కట్టించాను. తలుపు వేసుకొని చెప్పుకోవాల్సిన మాటను ఊరవతల శనగ చేన్ల దాకా వినిపించే ఏర్పాటు అది. కట్టించింది నేనే కాబట్టి ఇంకొకర్ని అనడానికి లేదు.

మా సంఘ పెద్ద బండలు పరిచే మేస్త్రీ. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆదివారం ఆరాధన మొదట్లో లేచి, గ్రంథం తెరిచి, ఒక కీర్తన తప్పు లేకుండా చదివేవాడు. బళ్ళో పాఠాలు చెప్పేవాళ్ళు కూడా అంత బాగా చదవరని నేను అందరి ముందూ పొగిడేవాణ్ణి. ఒక నెలలో మూడు వారాలు అదే కీర్తన చదివితే, భక్తి ముదిరింది అనుకున్నాను. ఆ నెలాఖరులో ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు.

"అయ్యా, నాకు అచ్చరాలు రావు."

"మరి పదైదేండ్ల నుంచి చదువుతాండావే?"

"మా ఇంటామె శనివారం చదివి చెప్తాది. నేను నోటికి పట్టుకుంటా. ఆమెకిప్పుడు కండ్లు ఆనవు. పాతవే తిప్పి తిప్పి చెప్తాండా. ఇంగ నేనే నేర్సుకోవాల. నువ్వూ బడికి పోనోడివే గదా, అందుకే నీకాడికొచ్చినా. నా కోసరం ప్రార్థన చెయ్. ఎవురికీ చెప్పగాకు."

అతనన్నది నిజమే. నేను బడి గడప తొక్కలేదు. బస్సు బోర్డులు, సిమెంటు సంచులు కూడబలుక్కుంటూ చదువు పట్టాను. అప్పుడు నన్ను చూసి నవ్విన వాళ్ళందరూ, వాళ్ళ తండ్రులతో సహా, నాకిప్పటికీ గుర్తున్నారు. కాబట్టి అతని బాధ నాకు తెలియనిది కాదు. సోమవారం నుంచి రోజూ రమ్మన్నాను. ప్రార్థన చేస్తానని మాటిచ్చాను.

మాట నిలబెట్టుకున్నాను. ఆ ఆదివారమే చేశాను. రోగులనూ, కువైటులో ఉన్న బిడ్డలనూ, బోర్లు ఎండిన రైతులనూ వరసగా తలుచుకొని, అదే ఊపులో, "ప్రభువా, మా సంఘ పెద్దకు ఈ వయసులోనైనా నాలుగు అక్షరాలు దయచెయ్యి తండ్రీ" అన్నాను. హారను దాన్ని ఉన్నదున్నట్టు ఊరికి అందజేసింది. కళ్ళు తెరిచేసరికి అతని చోటు ఖాళీగా ఉంది.

సాయంత్రం టీ అంగడి దగ్గర ఒకడు నన్ను ఆపి, "ఏందయ్యా, మీ పెద్దకు దేవుడు అ ఆలు మొదలుపెట్టినాడా, ఇంగా బడి తెరవలేదా?" అన్నాడు. వాణ్ణి తిట్టాను. ఏమని తిట్టానో పాస్టరు రాసే మాటల్లో రాయలేను. తిట్టాల్సింది వాణ్ణి కాదని ఇంటికొచ్చాక తెలిసింది.

మేస్త్రీ మరునాడే పులివెందులలో ఉన్న కూతురింటికి పోయాడు. వచ్చే ఆదివారం ప్రభువు బల్ల, సంఘమంతా రొట్టె విరిచి పంచుకునే రోజు. తోటి మనిషిని నొప్పించి, సమాధానపడకుండా రొట్టె ముట్టకూడదని మా నియమం. నెలనెలా గొంతు చించుకొని చెప్పేది నేనే. ఇప్పుడు రొట్టె విరవాల్సిన నాకే ఆ అర్హత లేదు. ఈ నెల బల్ల లేదని చెప్పొచ్చు గానీ, ఎందుకు లేదని అడుగుతారు. శనివారం బస్సెక్కాను.

అతను అల్లుని చీనీ తోటలో, బత్తాయి చెట్ల కింద డ్రిప్పు పైపు సరిచేస్తున్నాడు. తలెత్తలేదు.

"అన్నా, తప్పయిపాయె."

"ఎవురికి చెప్తాండావు?"

"నీకే."

"అది ఊరంతటికీ చెప్తివి. ఇది చీనీ చెట్లకు చెప్తాండావా?"

"నేను చెడ్డ మాట ఏమన్నానన్నా? ప్రార్థనే గదా చేసినా."

"దేవునికి చెవుడా అయ్యా, హారను పెట్టనీకి?"

కూతురు తెచ్చిన మజ్జిగ తాగి లేచాను. "మైకులో పోయిన మాట మైకులోనే రావాల" అని పైపుతో అన్నట్టు అన్నాడు.

ఆదివారం వచ్చాడు. చెప్పులు విడిచే చోట కూర్చున్నాడు. నేను మైకు ముందు నిలబడి, "ఒక మనిషి నన్ను నమ్మి చెప్పిన మాటను ప్రార్థన పేరు పెట్టి ఊరికి చెప్పినా. అతను బడికి పోలేదు, నేనూ పోలేదు. తప్పు నాది" అని రొట్టె మీద చెయ్యి వేశాను.

"అయ్యా, ఆగు" అన్నాడు వెనకనుంచి. "సౌండు తగ్గించినావు."

తగ్గించాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

"నా మాట చేన్ల దాకా పాయె. నీది వాకిలి దాటలా."

ఆడవాళ్ళు ముసుగుల్లో నవ్వారు. సౌండు పూర్తిగా పెంచి, మొదటినుంచి మళ్ళీ చెప్పాను. రెండోసారి ఆ మాటలు నాకే పెద్దగా వినిపించాయి. అతను లేచి నేరుగా మైకు దగ్గరికొచ్చి నన్ను పక్కకు జరిపాడు.

"రేపట్నుంచి అయ్యకాడ అచ్చరాలు నేర్సుకుంటాండా. నవ్వేటోళ్ళు ఈ పొద్దే నవ్వండి. రేపు నాకు పనుంది."

అప్పుడు చేతులు చాపాడు. రొట్టె విరిచి పెట్టాను.