కింది గదికి వినపడని ప్యాడ్

ఎలక్ట్రానిక్ డ్రమ్స్ అంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ వినబడవని నమ్మి మా అమ్మాయికి కొనిచ్చాను. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో మేడమీది వాటాలో అద్దెకుండేవాళ్లం. మాది కోస్తా, కింద ఉండే ఇంటివాళ్లది నల్లగొండ.

ఇంటాయన జబ్బుతో మంచం పట్టారు. ఒక సాయంత్రం చూడ్డానికి వెళ్లి కుర్చీలో కూచున్నానో లేదో, పైనుంచి దబ్, దబ్ మని చప్పుడు. మా అమ్మాయి కాలితో తొక్కే కిక్ ప్యాడ్! ఆ రబ్బరు దెబ్బ శ్లాబులోంచి తిన్నగా ఆయన మంచం మీదికే దిగుతోంది. దెబ్బదెబ్బకీ ఆయన రెప్పలు అదురుతున్నాయి.

ఇంటావిడను వరండాలోకి లాక్కెళ్లి దులిపేశాను.

"ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నారు అక్కయ్యా? ఒక్క మాట చెప్పొద్దూ?"

"ఏమని చెప్పాలె చెల్లె? గీ దినాలల్ల నేను జర నోరు తెరిస్తే, ఆంధ్రోళ్లని ఎళ్లగొడ్తున్న అనుకోవా?"

"అనుకుంటాను. అనుకుని పోట్లాడతాను కూడా. అయినా సరే, చెప్పాలి!"

"నీతోని పోట్లాట ఎవరు పడ్తరు తల్లీ," అని నవ్వింది. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఆయనతో పాటు ఆవిడకీ నిద్ర లేదు.

మర్నాడు బంద్. ఆ తర్వాతి రోజు, ఇంకో ప్యాడ్ కోసం, షట్టర్ సగమే ఎత్తిన వాయిద్యాల కొట్లోకి నేనూ అమ్మాయీ దూరాం. రబ్బరుదైతే చాలాకాలం వస్తుందన్నాడు కొట్టతను. తొక్కి చూస్తే అదే దబ్. వల బిగించినది మెత్తగా పలికింది గానీ తొందరగా చిరుగుతుందట.

"చప్పుడు కాకూడదు, చిరగకూడదు. కింద పేషెంటున్నారు. ఏళ్ల తరబడి రావాలి," అన్నాను.

"ఏళ్లకు గ్యారంటీ ఎవరిస్తరు మేడం?"

వాదించి వాదించి, దళసరి ఫోమ్ మీద రెండు పొరల వల ఉన్నది పట్టుకొచ్చాం. అడుగున పాత పరుపు ముక్క వేశాం. అమ్మాయిని వాయిస్తూ ఉండమని, నేను కిందికి వెళ్లి ఆయన పక్కన కూచున్నాను. ఏమీ వినబడలేదు. కాసేపటికి ఆయనకు కునుకు పట్టింది. ఇంటావిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ నెల దాటకుండానే ఆయన పోయారు.

కర్మలయ్యాక ఆవిడ మెట్లెక్కి మా గుమ్మంలోకి వచ్చింది. "డ్రమ్ములు బంద్ వెట్టినవేంది బిడ్డా? కొట్టుకో. పరేషాన్ అయ్యెటందుకు కింద ఎవరు లేరిగ."

 అమ్మాయి స్టూలు మీద కూచుని, పెడల్ మీద కాలు పెట్టింది. తొక్కలేకపోయింది.