బండి నీదేనా అని అడిగినప్పుడు

పోయిన సోమవారం పొద్దున మా మనవరాలు, ఖరిదాలో మా ఇంటి పెరట్లో టార్పాలిన్ కింద, ఇరవై ఏళ్ళుగా ఎవరూ ఎక్కకుండా పడి ఉన్న మోటారు సైకిలుకి ముందూ వెనకా ఫొటోలు తీసి, నా ఫోనే నా చేతిలోంచి తీసుకుని, అరుగు మీద కూర్చుని ఏవో నొక్కి, నేను తాగుతున్న టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపే ఆ బండిని తుక్కుకి రాసేసింది. శనివారం మనుషులు వచ్చి తీసుకుపోతారట. ఎవరినడిగి చేశావమ్మా అంటే అది తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"ఏటి తాతా, కాలం సెల్లిపోయిన బండి. ఓనరు నేనే అని ఒక గడిలో టిక్కు పెట్టమన్నాది, నీ పేరు మీదే ఉన్నాది కదా, పెట్టేసినాను."

ఆ గడి చూపించమని కళ్ళజోడు పెట్టుకుని చదివాను. ఈ వాహనానికి నేనే యజమానిని, ఇది సత్యమని ప్రకటిస్తున్నాను అని చీమ తలకాయలంత అక్షరాల్లో ఉంది. దాని పక్కన పచ్చటి టిక్కు. పిల్లది బొటనవేలితో, నా పేరున, రెప్పపాటులో చేసిన ఆ ప్రకటన ఒకప్పుడు నన్ను మేదినీపూర్ కోర్టు వరండాలోంచి లేపి నడిపించింది, ఒక పరదేశిని పోలీసు బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆ సంగతి ఇంతవరకూ మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. నా ఈడువాళ్ళు మీరు అర్థం చేసుకుంటారన్న ధైర్యంతో ఇప్పుడు చెబుతున్నాను.

అప్పుడు నేను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుని, న్యూ సెటిల్‌మెంట్ క్వార్టరులో కాపురం, మా తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్దని. మా తాత శ్రీకాకుళం వైపు నుండి వచ్చి ఈ బెంగాలీల రైల్వే ఊళ్ళో ఇంజన్లకి బొగ్గు ఎత్తినవాడు. మా నాన్నా నేనూ ఇక్కడి రైల్వే ఆసుపత్రిలోనే పుట్టినా బజారులో ఎవరైనా మీది ఏ ఊరు అని అడుగుతూనే ఉంటారు, మేమూ చెబుతూనే ఉంటాం. అందుకేనేమో, ఒక ఆదివారం ఆరాధనకి టాంజానియా దేశం నుండి ఇంజనీరింగు చదవడానికి వచ్చిన కుర్రవాడొకడు వచ్చి వెనక వరసలో కూర్చుంటే మావాళ్ళు అతన్ని వింతగా చూడలేదు. పరదేశిని ప్రేమించమన్న ఆజ్ఞ మాకు వాక్యంలోనే కాదు, ఒంట్లోనే ఉండేది. అతనికి మొదట్లో మా పాటల్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఏడాది తిరిగేసరికి మా ఆడవాళ్ళ దగ్గర తెలుగు నేర్చుకుని, అది కూడా అచ్చం మా శ్రీకాకుళం యాసలో, ఏటి అన్నా, ఎలగున్నావు అని పలకరిస్తుంటే మందిరం అంతా నవ్వేది. సంఘంలో అతన్ని అందరూ పరదేశి తమ్ముడు అనేవారు. మా ఇంట్లో మాత్రం ఉత్త తమ్ముడే.

అతనికి విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక కర్మాగారంలో ఏడాది శిక్షణ పడింది. ఊరి చివరికి రోజూ పోయి రావాలి. నాకు మోకాలు నొప్పి మొదలై, వర్క్‌షాపుకి సైకిలు చాలునని మోటారు సైకిలుకి గుడ్డ కప్పి ఉంచిన రోజులవి. అతను కొనుక్కుంటానన్నాడు, నేను ఇస్తానన్నాను, అతను ఇచ్చినంతే తీసుకున్నాను, బేరం అన్న మాటే మా మధ్య రాలేదు.

ఇక కాగితాలు. విదేశీయుడు పాత బండి తన పేరుకి మార్పించుకోవాలంటే పాస్‌పోర్టూ, వీసా, పోలీసు ఆఫీసులో నమోదు చేయించుకున్న పత్రం, హాస్టలువాళ్ళు ఇచ్చే నివాసపు ఉత్తరం, ఇంకా నకళ్ళు, ఫొటోలు, ఇన్ని కావాలని బండ్ల ఆఫీసులో చెప్పారు. అతను వారం రోజుల్లో అన్నీ తెచ్చి ఒక ప్లాస్టిక్ ఫైలులో వరసగా పెట్టుకున్నాడు. అమ్మినవాడి వైపు నుండి కావలసింది సంతకాలు కాక ఒక్కటే, బండిని నేను ఇతనికి అమ్మాను అని ప్రమాణ పత్రం.

ఆ పత్రం కోసం లోకల్ రైలెక్కి, కంసావతి నది వంతెన దాటి, మేదినీపూర్ కోర్టుకి ఒక్కడినే వెళ్ళాను. వరండా రేకుల కింద టైపు కొట్టేవాడు నా వివరాలు అడిగి టకటకా కొట్టి, పద్ధతి ప్రకారం పైకి చదివాడు. మొదటి వాక్యంలోనే దేవుని పేరట ప్రమాణం చేసి అన్న మాట వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. చిన్నప్పటి నుండీ సండే స్కూల్లో కంఠతా పట్టిన బోధ, ఆకాశం తోడనీ భూమి తోడనీ ఎంతమాత్రం ఒట్టు పెట్టుకోకూడదనీ, మనిషి మాట అవునో కాదో ఏదో ఒకటై ఉండాలనీ. నేనే ఎందరు పిల్లలకి నేర్పానో లెక్కలేదు. టైపు అతను పిలుస్తూనే ఉన్నాడు, నేను స్టేషన్ దాకా వెనక్కి తిరిగి చూడలేదు. నిజం చెప్పొద్దూ, రైల్లో కూర్చున్నాక నాకు చాలా గొప్పగా అనిపించింది.

ఇక్కడ మా సంఘంలో ఒక ఆచారం చెప్పాలి. ఎవరింటికి ఏ బండి వచ్చినా ఆదివారం దాన్ని మందిరం గుమ్మం ముందు నిలబెడతారు, పాస్టరు అయ్యగారు పెట్రోలు ట్యాంకు మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తారు, ఆ తరువాతే బండి యజమాని చేతికి తాళం. ఇంత మందిలో, దేవుని ఎదుట బండి చేతులు మారాక ఇంకా ఏ ఆఫీసు కావాలి అనే ధీమా మాలో అందరికీ ఉండేది. ఆ ఆదివారం తమ్ముడు తెల్లచొక్కా వేసుకుని, అన్నా, కాగితం పని అయ్యిందా అని అడిగాడు. చుట్టూ సంఘం నిలబడి ఉంది. అయ్యగారి చెయ్యి ట్యాంకు మీద ఉంది. కోర్టు సంగతీ నా మనస్సాక్షి సంగతీ అప్పుడు విప్పడం ఎందుకు అనిపించింది. అయిపోయింది తమ్ముడూ, బండి నీదే అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు.

తరువాత ఒకసారి తన పేరుతో బండి కొత్త పుస్తకం ఎప్పుడొస్తుంది అని అడిగాడు. ఆఫీసు పని కదా నెమ్మదిగా వస్తుంది, అందాకా పాతది ఉంచుకో అన్నాను. మళ్ళీ అడగలేదు. నేనూ మరిచాను, లేదా మరిచినట్టు ఉండడం అలవాటు చేసుకున్నాను.

పది నెలలు గడిచాయి. శిక్షణ ముగిసింది. శనివారం కలకత్తాలో అతనికి విమానం, ఆదివారంతో వీసా గడువు సరి. ఆ వారం మంగళవారం పొద్దున నేను లేతు మీద పని చేస్తుంటే ఫోర్‌మన్ పిలిచి, మీ తమ్ముడట, బండి దొంగతనం కింద పట్టుకున్నారట, రమ్మంటున్నారు అన్నాడు. నాకు ఒక్కగానొక్క తమ్ముడు విశాఖలో బడిపంతులు. ఎవరిని అంటున్నారో తెలియడానికి కాసేపు పట్టింది. తెలిశాక చేతిలో స్పానరు ఎక్కడ పెట్టానో తెలియదు.

ఖరిదా బజారు దగ్గర తనిఖీలో ఆపి, పోలీసు ఔట్‌పోస్టుకి తీసుకెళ్ళారు. పుస్తకంలో పేరు ఒకటి, మనిషి ఇంకొకడు, పైగా విదేశీయుడు. నేను వెళ్ళేసరికి అతను గోడ వార బెంచీ మీద, ఆ ప్లాస్టిక్ ఫైలు ఒళ్ళో పెట్టుకుని, మందిరంలో కూర్చున్నంత నిటారుగా కూర్చుని ఉన్నాడు. పాస్‌పోర్టు బడోబాబు బల్ల మీద ఉంది. బడోబాబు అంటే ఆ ఔట్‌పోస్టు అధికారి, పెద్దవాడు, కటువుగా కూడా మాట్లాడలేదు. నన్ను కూర్చోమని, పుస్తకం నా వైపు తిప్పి, ఒక్కటే అడిగాడు.

"బోలియే దాదా. బైక్ ఆప్‌కా హై, కి నహీ?"

చెప్పండి, బండి మీదా కాదా. చదువుతున్న మీకు ఇది చాలా తేలిక ప్రశ్న. నాదే అంటే తమ్ముడు దొంగ. నాది కాదంటే పుస్తకంలో ఉన్న నా పేరు అబద్ధం, నేను చేసినది తప్పు. అవునూ కాదూ తప్ప మూడో మాట మనిషికి అక్కర్లేదని ఊరందరికీ బోధించిన నా నోటికి ఆ రెండిట్లో ఒక్కటీ రాలేదు. చివరికి ఉన్నదంతా చెప్పాను. అమ్మాను, ప్రమాణం చేయలేక కాగితం చేయించలేదు, చేయించానని ఇతనికి చెప్పాను అని, తమ్ముడు వింటుండగానే.

అతని వైపు తిరిగి, నీతో అబద్ధమాడాను తమ్ముడూ అన్నాను. కోపగించుకుంటాడనుకున్నాను. అతనికి అది అర్థం కానట్టే ఉంది.

"నువ్వు సెప్పినావు కదా అన్నా," అన్నాడు, "అందుకే నేను మరి అడగనేదు."

ఏభై ఏళ్ళు విన్న ప్రసంగాలన్నీ ఒక పక్క, ఆ ఒక్క మాట ఒక పక్క.

రేపటికల్లా ప్రమాణ పత్రం తెస్తే పాస్‌పోర్టు ఇచ్చేస్తాను, లేకపోతే కేసు రాయక తప్పదు అన్నాడు బడోబాబు. కేసు పడితే శనివారం విమానం లేదు, గడువు దాటితే ఆ నేరం వేరే. పత్రాల కోసం ఇంటికి వెళ్ళి మా ఇంటావిడకి చెప్పాను, ఒట్టు పెట్టుకోవడం ఎలాగ అని మళ్ళీ పాత పాటే మొదలుపెట్టాను. ఆవిడ చేపలు కడుగుతోంది. చేతులు కడుక్కోకుండానే నా ముందుకొచ్చి నిలబడింది.

"ఒట్టు కూడదని వాక్యంలో ఉన్నాది, సరే. అబద్ధమాడొచ్చని ఏ అధ్యాయంలో ఉన్నాదో కాస్త తీసి సూపించండి. మందిరం గుమ్మంలో ఆడినారు మరి."

పొలం అమ్మి, సగం దాచుకుని, అంతా తెచ్చామని సంఘం ముందు చెప్పి ప్రాణాలు పోగొట్టుకున్న భార్యాభర్తల కథ ఆ ఏడే పిల్లలకి చెప్పాను. చెబుతున్నప్పుడు నా ఒళ్ళు జలదరించలేదు. ఆ మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో జలదరించింది.

బుధవారం తెల్లవారాక మొదటి లోకల్‌లో మేదినీపూర్ వెళ్ళాను. పాపమైతే నా మీదే పడనీ, ఒట్టు పెట్టేస్తాను ప్రభువా అని వంతెన మీద ప్రార్థన చేసుకున్నాను. ఈసారి నోటరీ ఒక ముసలి బెంగాలీ వకీలు. నా మొహం చూసి ఒంట్లో బాగులేదా అని అడిగాడు. సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు, అందుకు ఆయనకి ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. అదే టైపు కాగితం తీసి, మొదటి వరస మీద వేలు పెట్టి చూపించాడు. దేవుని పేరట ప్రమాణం చేసి అన్న మాట పక్కనే గీత గీసి, లేదా నిష్ఠగా ధ్రువీకరించి అని ఉంది. ఒట్టు పెట్టనివాళ్ళు తెల్లదొరల కాలం నుండీ వస్తూనే ఉన్నారు, మీలాంటివాళ్ళ కోసమే ఈ రెండోది, అక్కర్లేనిది కొట్టేయడమే అని చెప్పి, కలంతో మొదటి మాట కొట్టేసి, పక్కన నా చేత పొట్టి సంతకం పెట్టించాడు. మొత్తం అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

వాక్యంలో ఒక్క పొల్లు తప్పిపోనివ్వను అని పేరు పడ్డవాణ్ణి. ఒక పేజీ కాగితంలో మొదటి వరస పూర్తిగా వినలేదు. అడ్డు నాకు ఎన్నడూ లేనే లేదు. నా భక్తి చూసి నేనే మురిసిపోయి లేచిపోయాను, అంతే.

మధ్యాహ్నానికి పాస్‌పోర్టు తమ్ముడి చేతికి వచ్చింది. పేరు మార్పించడానికి ఇక రోజులు చాలవు. శుక్రవారం బండి తెచ్చి మా క్వార్టరు ముందు నిలబెట్టి, పై చదువుకి మళ్ళీ వస్తాను అన్నా, అందాకా నీ దగ్గర ఉంచు అని తాళం ఇచ్చాడు. దానికి వాళ్ళ ఊరి చెక్కతో చేసిన చిన్న చేప వేలాడుతుండేది. రెండేళ్ళు క్రిస్మసుకి ఉత్తరాలు వచ్చాయి. తరువాత మేము రాసినవి తిరిగి వచ్చాయి.

నేను ఆ బండి ఎక్కలేదు. రిటైరై క్వార్టరు ఖాళీ చేసినప్పుడు కూడా న్యూ సెటిల్‌మెంట్ నుండి ఖరిదా దాకా మోకాలు నొప్పితోనే తోసుకుంటూ తెచ్చాను. దారిలో ఒకాయన, ఏటి బాబూ, పెట్రోలు అయిపోయిందేటి అని అడిగితే అవునని అనబోయి ఆగి, కాదు, బండి నాది కాదు అన్నాను. ఆయన నన్ను అదోలా చూసి వెళ్ళిపోయాడు.

ఇదంతా మనవరాలికి చెప్పాను. విన్నంతసేపూ ఫోను పక్కన పెట్టింది, అది పెద్ద విషయమే. చివరికి మాత్రం, ఆ గడులు ఎవరూ సదవరు తాతా, అందరూ నొక్కేస్తారు అంది. రోజుకి ఎన్ని నొక్కుతావు అని అడిగితే లెక్క తెలియదంది. మేము ఒక్క మాటకి జడిసి రైలెక్కి పారిపోయినవాళ్ళం, అది తెలివి అని అనను, దాని మూలాన ఒక అమాయకుడు బెంచీ మీద కూర్చున్నాడు. కానీ ఆ రోజుల్లో సత్యమా అని అడగడానికి బల్లకి అవతల ఒక మనిషి ఉండేవాడు, మన మొహం చూసేవాడు, మనం తడబడితే జవాబు వచ్చేదాకా ఆగేవాడు. ఇప్పుడు గడి ఆగదు. దానికి మొహం అక్కర్లేదు.

టిక్కు తీసేయడం కుదురుతుందేమో చూస్తానంది పిల్లది. వద్దన్నాను. తుప్పు పట్టిన ఇనుముని ఇంకెన్నాళ్ళని కాపలా కాస్తాను. తాళం నుండి చెక్క చేపని మాత్రం విప్పి నా వాక్యం పుస్తకంలో పెట్టుకున్నాను. శనివారం వచ్చేవాళ్ళు నంబరు చూసి, ఫోనుతో సరిపోల్చుకుని, బండిని లారీ ఎక్కిస్తారు. ఆ వేళకి నేను గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. వాళ్ళలో ఒక్కడైనా, దాదా, బండి మీదేనా అని నోటితో అడిగితే బాగుండునని ఉంది. కాదు, మా తమ్ముడిది అని చెబుతాను. ఇరవై ఏళ్ళ కిందట రాని జవాబు, ఇప్పుడు నోట్లోనే ఉంది.