మంగళ, శుక్రవారాలు నా వంతు

పోయిన ఏడాది వానలు వెనకబట్టే రోజుల్లో మా చర్చి సంఘంలోని ఒక పెద్దావిడ వైశాలి నగర్‌లో తన ఇంటి మెట్ల మీద కాలు జారి పడింది. పడేటప్పుడు ఆపుకోడానికి రెండు చేతులూ ముందుకు చాపిందట. రెండు మణికట్లూ విరిగాయి. వేళ్ళ మొదళ్ళ నుంచి మోచేతుల దాకా పిండికట్లు వేసి, ఆరు వారాలు అలాగే ఉంచాలని చెప్పి ఇంటికి పంపించారు.

ఆవిడకి డెబ్భై దాటాయి. భర్త రైల్వేలో గార్డుగా చేసేవారు, పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. భిలాయిలో పుట్టిన మాలాంటి తెలుగు క్రైస్తవ పిల్లలకి ఆదివారం బడిలో వాక్యమూ పాటలూ నేర్పింది ఆవిడే. స్కూల్లో హిందీ, వీధిలో హిందీ మాట్లాడే మాకు తెలుగు అక్షరాలు దిద్దబెట్టింది కూడా ఆవిడే. అందరం టీచరాంటీ అంటాం. పాట ఎలా ఎత్తుకోవాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నాకు నేర్పింది ఆవిడ. తరవాత నా నోట పాట లేకుండా చేసిందీ ఆవిడే.

నేను టీచరుగా చేసే స్కూల్లో తోటి టీచరు తమ్ముణ్ణి ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాను. ఆయన హిందువు. తండ్రి టెక్కలి వైపు నుంచి వచ్చి ఉక్కు ప్లాంటులో చేరినాయన. రిజిస్టరు పెళ్ళి అయిన తరవాతి ఆదివారం ఎప్పటిలాగే మందిరానికి వెళ్ళి వేదిక మీద పాడేవాళ్ళ వరసలో నిలబడ్డాను. టీచరాంటీ ముందు బెంచీలోంచి లేచి, అందరికీ వినబడేలా అంది.

"బయటోణ్ణి చేసుకున్నోళ్ళకి అక్కడ చోటు లేదు. దిగు."

దిగాను. మా నాన్న మూడో బెంచీలో ఉన్నారు, తల ఎత్తలేదు. వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ళుగా అక్కడే కూర్చుంటున్నాను. ఈ పద్దెనిమిదేళ్ళలో మేమిద్దరం ఒకరికొకరం వందనాలు చెప్పుకున్నాం, అంతకు మించి ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఆంటీ పడిన వారం స్త్రీల సమాజంలో వంతులు వేశారు. రాత్రిళ్ళు పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ వచ్చి తోడు పడుకుంటుంది. పగలు మాత్రం మనలో ఒకరు ఉండాలి. వంతులు రాసింది పాస్టరు అయ్యగారి భార్య. వాళ్ళు మా సంఘానికి బదిలీ మీద వచ్చి ఆరు నెలలే అయింది. పాత సంగతులు ఆవిడకి తెలియవు.

"మీ బడి ఒంటిగంటన్నరకే కదమ్మా, మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు మీకు రాశాను," అంది.

కాదనడానికి కారణం చెప్పాలి. చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి మా ఆయన మీద విసుక్కున్నాను. ఆయన ప్లాంటులో ఫిట్టరు. ఆ రోజు పొద్దున్న డ్యూటీ దిగివచ్చి బూట్లు విప్పుకుంటున్నాడు.

"వెళ్ళు. రెండు చేతులూ విరిగినోళ్ళ మీద కోపమేటి?" అన్నాడు.

"నిన్ను కూడా అన్నది కదా ఆవిడ."

"నన్ను బయటోడు అంది. బయటోణ్ణే కదా. అందులో తప్పేటుంది?" అని నవ్వి స్నానానికి వెళ్ళిపోయాడు.

మొదటి మంగళవారం సెక్టర్ ఆరు నుంచి స్కూటీ మీద పవర్ హౌస్ బజారు దాటి వెళ్ళేసరికి రెండున్నర అయింది. ఆంటీ మంచం మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో దిండు మీద పెట్టుకుంది. అన్నం కలిపి ముద్ద నోటికి అందించాను. మూడో ముద్దకి నోరు తెరవలేదు.

"పప్పులో ఉప్పు లేదు."

ఉప్పు వేసి తెచ్చాను. తరవాత తల దువ్వాను. నా చెయ్యి మెత్తగా లేదు, ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది.

"జుత్తు పీకేస్తన్నావు. నా మీద కసా?"

"లేదాంటీ."

అబద్ధమే చెప్పాను.

శుక్రవారం నాడు ఆవిడ మధ్యాహ్నమంతా మంచం మీద అటూ ఇటూ కదులుతూ ఉంది. నీళ్ళిస్తే తాగలేదు. టీ పెడతానంటే వద్దంది. నాలుగున్నరకి గాని నాకు తట్టలేదు. బాత్రూముకి వెళ్ళాలి. నన్ను అడగలేక ఆపుకుంటోంది. నేనేమీ అడగకుండా చెయ్యి వేసి లేపి తీసుకెళ్ళాను. చీర పైకి ఎత్తి పట్టుకున్నాను. తరవాత నీళ్ళు పోసి కడిగాను. ఆంటీ అంతసేపూ మొహం గోడవైపు తిప్పుకుంది. బయటికి వచ్చాక కూడా నా మొహం చూడలేదు.

దాంతో నా మనసు కరిగిపోయిందని రాస్తే బాగుంటుంది. కానీ కరగలేదు. జాలి వేసింది. జాలి వేరు. పని పూర్తి చేసి, తాళంచెవి పక్కింటి వాళ్ళకిచ్చి బయలుదేరాను. రైల్వే గేటు దగ్గర బండి ఆపాల్సి వచ్చింది. గూడ్సు బండి పోతోంది, చాలా పొడుగ్గా. ఆ మోతలో నాకు నేనే వినబడనన్న ధైర్యంతో పైకే అన్నాను.

"ప్రభువా, ఈవిడ మీద నాకు ప్రేమ లేదు. ఉన్నట్టు నటించడం కూడా చేతకావడం లేదు. నీ దగ్గర ఉంటే ఇవ్వు. లేకపోతే నా వంతు ఇంకెవరికైనా మార్పించు."

వంతు మారలేదు.

తరవాతి మంగళవారం అన్నం తిన్నాక ఆంటీ గూట్లో ఉన్న బైబిలు తీసి వాక్యం చదవమంది. చదివాను. తెలుగు పైకి చదివి చాలా రోజులైంది, రెండు మూడు చోట్ల తడబడ్డాను. ఆంటీ దిద్దుతుందనుకున్నాను, దిద్దలేదు. పేజీ తిప్పబోతుంటే అంది.

"పడిన రోజు నుంచీ నాకు ప్రార్థన రావట్లేదే."

నేను పుస్తకం మూశాను.

"చేతులు జోడిస్తే గాని నాకు మాట రాదు. చిన్నప్పటి అలవాటు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఎదర ఏటీ లేదు. చీకటి. మీ అందరికీ నేర్పానే నేను. నాకే లేకుండా పోయింది."

ఆవిడ గొంతులో ఏడుపు లేదు. ఇంట్లో గ్యాసు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. అందుకే నాకు భయం వేసింది. నాకు తెలిసిన మనుషుల్లో విశ్వాసం అంటే టీచరాంటీయే. కోపమున్నా, కఠినమున్నా, అది మాత్రం కదలదని అందరం అనుకునేవాళ్ళం.

"నేను చేస్తానాంటీ. మీరు ఆమేన్ అనండి చాలు," అన్నాను.

నేను పైకి ప్రార్థన చేసే మనిషిని కాదు. చివరి బెంచీ వాళ్ళని ఎవరూ చెయ్యమనరు. ఏదో చేశాను. ఈవిడ చేతులు బాగవ్వాలని, ఈవిడకి చీకటి పోవాలని నాలుగు మాటలు. ఆంటీ ఆమేన్ అంది. అని, కళ్ళు తెరిచింది.

"అంత గబగబా ఏటే? దేవుడేవైనా బస్సెక్కాలా?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆవిడ పెదవులు కూడా కొంచెం కదిలాయి. ఆ రోజు నుంచి వెళ్ళినప్పుడల్లా నేను చెయ్యడం, ఆవిడ ఆమేన్ అనడం అలవాటయింది.

మూడో వారం శుక్రవారం సాయంత్రం పెద్ద వాన పట్టింది. స్కూటీ మీద రావద్దని మా ఆయన తన మోటారుసైకిలు వేసుకుని వచ్చాడు. లోపలికి రాకుండా గేటు దగ్గర రెయిన్‌కోటులో నిలబడ్డాడు. ఆంటీ కిటికీలోంచి చూసింది.

"ఎవులది, గేటు కాడ?"

"మా ఆయన."

ఆంటీ ఇంకోసారి కిటికీ వైపు వంగి చూసింది.

"తడిసిపోతన్నాడు. లోపలికి రమ్మను."

వచ్చాడు. వచ్చి గుమ్మం దగ్గరే ఒక పక్కగా స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఆంటీకి ఉప్మా పెడుతున్నాను. ఆయన ఆవిడ చేతుల వైపే చూస్తున్నాడు, విరిగిన మెషీను చూసినట్టు. ఉన్నట్టుండి లేచి వచ్చాడు.

"మామ్మగారూ, ఒక్కసారి చెయ్యి ఇలా చూపిస్తారా? వేళ్ళు ఆడతన్నాయా?"

ఆంటీ వేళ్ళ కొసలు కదిపింది. ఆయన కట్టు మీద జానతో కొలుచుకుని, ఆవిడ నోటికీ చేతికీ మధ్య ఎంత దూరమో కళ్ళతోనే లెక్కేసుకుని, "సరేనండీ" అని మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. ఇంటికొచ్చి స్టీలు చెంచా ఒకటి తీసుకుని పెరట్లో కూర్చున్నాడు. దాని కాడని రెండు చోట్ల వంచాడు. మా పాత స్కూలు బ్యాగు పట్టీ కోసి దానికి కుట్టాడు.

మంగళవారం సెలవు పెట్టుకుని నాతోపాటు వచ్చాడు. పట్టీతో చెంచాని ఆంటీ కుడిచేతి కట్టుకి బిగించాడు. పళ్ళెం కింద రెండు పుస్తకాలు పెట్టి ఎత్తు చేశాడు. "తినండి మామ్మగారూ, ఎవరూ చూడరు," అని వెళ్ళి గోడకున్న క్యాలెండరు వైపు తిరిగి నిలబడ్డాడు. నన్ను కూడా కళ్ళతో రమ్మన్నాడు. ఇద్దరం క్యాలెండరు చూస్తూ నిలబడ్డాం. వెనక చెంచా పళ్ళానికి తగిలిన చప్పుడు. మళ్ళీ తగిలిన చప్పుడు. సగం చీర మీద పడి ఉంటుంది. చాలాసేపటికి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

"బాబూ, అయిపోయింది. ఇటు తిరగండి."

పళ్ళెం ఖాళీగా ఉంది. ఆంటీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏ ఊరు మీది?"

"ఊరేటండీ, ఇక్కడే పుట్టాను, సెక్టర్ ఆరులో. మా నాన్నగారిది టెక్కలి పక్క."

"మందిరానికి వస్తావా?"

"రానండీ. దీన్ని దింపి బయట టీ తాగుతాను. దీని పని అయ్యేసరికి రెండు కప్పులు అవుతాయి."

"అయ్యగారి ప్రసంగం పెద్దదైతే మూడు," అంది ఆంటీ.

ఆ తరవాత ఒక శుక్రవారం పవర్ హౌస్ బజారులో సీతాఫలాలు తట్టల్లో కొత్తగా దిగాయి. బడి నుంచి వస్తూ ఆగి, కళ్ళు విచ్చినవి ఏరి నాలుగు తీసుకున్నాను. సంచీ బండికి తగిలించాక గాని నేనేం చేశానో నాకు తెలియలేదు. మా ఇంట్లో ఎవరూ సీతాఫలం తినరు. గింజలు చిరాకని పిల్లలు ముట్టరు. నేను ఆంటీ కోసం ఆగాను. ఆవిడకి ఇష్టమని ఆదివారం బడి రోజుల నుంచీ తెలుసు. కొనాలా వద్దా అని ఆలోచించలేదు, బలవంతంగా కొనలేదు. మెత్తగా ఉన్నది ఆవిడకే దక్కాలని మాత్రం వెతికాను.

విశ్వాసం, ప్రేమ దేవుడిచ్చే వరాలని పుట్టిన దగ్గర నుంచీ వింటున్నాను. వరమంటే ఏదో గొప్ప గుణమనుకునేదాన్ని. వరమంటే మన దగ్గర లేనిది అని బజార్లో ఆ సంచీ పట్టుకుని నిలబడ్డప్పుడు అర్థమైంది. ఎప్పుడు ఇచ్చాడో తెలియదు. నేను చూడలేదు.

ఆ మధ్యాహ్నం సీతాఫలం ఒలిచి తొనలు ఆంటీ నోటికి అందించాను. గింజలు నా అరచేతిలో ఉమ్మేది. రెండో పండు సగంలో ఆగింది.

"ఆ రోజు నిన్ను దిగమన్నాను. గుర్తుందా?"

"ఉందాంటీ."

"నాకూ ఉంది." నోట్లో ఉన్న గింజ ఉమ్మింది. "తప్పు చేశాను. ఆ రోజు రాత్రే తెలిసింది, తప్పని. పెద్దదాన్ని, ఎలా చెప్తాను అనుకున్నాను. ఒక ఆదివారం పోయింది, ఇంకోటి పోయింది. నీ గొంతు బాగుండేదే."

ఆ మాట కోసం పద్దెనిమిదేళ్ళు ఎదురుచూశానని నాకు తెలుసు. అది వచ్చేసరికి నేను ఎదురుచూడటం మానేసి ఉన్నాను. ఏడుపు మాత్రం వచ్చింది. చేతుల నిండా సీతాఫలం గుజ్జు, తుడుచుకోవడానికి కూడా లేదు. భుజానికి రాసుకున్నాను.

"ఇంకోటి పెట్టు," అంది ఆంటీ.

ఆరు వారాలకి కట్లు విప్పారు. చేతులు సన్నబడి, చర్మం పొలుసులు కట్టి ఉన్నాయి. వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు, ఇప్పటికీ. కట్లు విప్పిన ఆదివారం మందిరంలో నన్ను చేత్తో పైకి వెళ్ళమని సైగ చేసింది. నేను వెళ్ళలేదు. కోపంతో కాదు. గొంతు పాతబడింది. పైన ఉన్నవాళ్ళంతా కీబోర్డుతో పాడే కుర్రాళ్ళు, తెలుగు పాటని హిందీ అక్షరాల్లో రాసుకుని చూసి పాడతారు. వాళ్ళ మధ్య నాకు పని లేదు. పోయినవన్నీ తిరిగి రావు. ఆంటీ ఆ మాట ఒప్పుకోలేదు గాని, వచ్చి చివరి బెంచీలో నా పక్కన కూర్చుంది. వంతులు అయిపోయినా నేను శుక్రవారాలు వెళ్తూనే ఉన్నాను.

చలికాలంలో మా అత్తగారికి కంటి ఆపరేషను అయింది. ఆవిడ శివభక్తురాలు. మా పెళ్ళప్పుడు ఆవిడకీ బాధ ఉండేది, పైకి అనలేదంతే. ఆపరేషను సంగతి తెలిసి టీచరాంటీ ఆటోలో మా ఇంటికి వచ్చింది. అంతవరకూ మా గడప తొక్కలేదు. ఇద్దరూ పవర్ హౌస్ పాత రోజుల గురించీ, టెక్కలి వైపు ఎండుచేపల గురించీ గంట మాట్లాడుకున్నారు. నేను వంటింట్లోంచి వింటున్నాను. లేచే ముందు ఆంటీ అడిగింది.

"నా దేవుడికి నీ గురించి చెప్పుకుంటానమ్మా. ఏటైనా అనుకుంటావా?"

"ఎవులికి సెప్పుకున్నా నాకేటి బాధ? కళ్ళు కనబడితే సాలు," అంది మా అత్తగారు.

ఆంటీ ముడుచుకోని చేతులు ఒకదాని మీద ఒకటి ఆనించి, ప్రార్థన తనే మొదలుపెట్టింది. నేను గుమ్మంలోకి వచ్చి తల వంచుకుని నిలబడ్డాను. చాలా పొడుగ్గా చేసింది. అన్నం వార్చడానికి నేను మధ్యలో లోపలికి వెళ్ళాల్సి వచ్చింది.