పలక మీద మొదటి పాట

పంతొమ్మిది వందల నలభైలలో జహీరాబాద్ స్టేషన్ దారిలో నాకు దర్జీ పని. మిషను ఇంటి అరుగు మీదే. దారికి అవతల చాయ్ హోటల్, అందులో గ్రామఫోన్. పొద్దున నుంచి దీపాల వేళ దాకా ఆ పాటలు వింటూనే బట్టలు కుట్టేవాణ్ణి. వద్దన్నా వినాల్సిందే, చెవులకు తలుపులుండవు కదా.

సంత రోజున హోటల్లో ఒక సరదా ఉండేది. చాయ్ తాగిన ప్రతివాడికీ హోటల్ భాయ్ ఒక చింతగింజ ఇచ్చేవాడు. వరసగా పెట్టిన గ్లాసులకు పాటల పేర్లు అంటించి ఉండేవి. నచ్చిన పాట గ్లాసులో గింజ వేయాలి. సాయంత్రం లెక్కపెట్టి, ఎక్కువ గింజలు పడ్డ పాట పేరు హోటల్ ముందు వేలాడే పలక మీద అన్నిటికంటే పైన రాసి, మూడుసార్లు వేసేవాడు. మొగుడంపల్లి, రాయికోడ్ నుంచి సంతకొచ్చినవాళ్ళు బండ్లు కట్టడం మానేసి మరీ వినేవారు.

ఒకసారి ఒకే పాట నెల రోజులు మొదట నిలిచింది. రోజూ పదిసార్లు అదే అడిగి వేయించుకునేవారు. నా తల వాచిపోయింది. కత్తెర చేతిలో ఉండగానే దారి దాటి వెళ్ళి గొడవ పెట్టుకున్నాను.

"భాయ్, మొదలొచ్చిన పాటను మళ్ల సంత దాకా ముట్టొద్దు. గిదొక రూలు పెట్టు. లేకుంటె నా మిషను ఎత్తుకొని చిరాగ్‌పల్లి పోత!"

అందరూ నవ్వారు, అందరూ ఒప్పుకున్నారు. రికార్డు అరగదని భాయ్ కూడా సంతోషించాడు. అప్పటి నుంచి గెలిచిన పాట వారం పాటు గుడ్డలో చుట్టి పెట్టెలో ఉండేది. ఊళ్ళో నా మాట చెల్లిందని చాలా రోజులు మురిసిపోయాను.

ఆ ఏడాదే నా భార్య మంచం పట్టింది. ఆమెది బీదర్ వైపు పల్లె. నెలల తరబడి జ్వరం, దగ్గు. ఊపిరితిత్తులు పాడయ్యాయని దవాఖానలో చెప్పారు. కిటికీ పక్కన మంచం వేశాను. హోటల్లో వేసే పాటల్లో ఒకటంటే ఆమెకు ప్రాణం. ఆ హిందుస్తానీ మాటలు ఆమెకు అర్థం కావు. వాళ్ళమ్మ జొన్నలు విసురుతూ పాడే పాట ఇదే వరసలో ఉండేదట. ఆ పాట గ్లాసులో ఎప్పుడూ నాలుగైదు గింజలకు మించి పడేవి కావు.

ఒక సంతకు పట్టుబట్టాను. బట్టల కోసం వచ్చిన ప్రతివాణ్ణీ బతిమాలాను, గింజ ఆ గ్లాసులోనే వేయమని. వేశారు. సాయంత్రం ఆమె పాట పలక మీద అన్నిటికంటే పైకెక్కింది. మూడుసార్లు మోగింది. ఆమె దిండుకు ఆనుకుని కూర్చుంది.

"నా పాటనా? ఊరందరికి నచ్చిందా?"

"నచ్చింది," అన్నాను. ఎన్నాళ్ళకో నవ్వింది. నా అంత మొనగాడు లేడనిపించింది.

మర్నాడు పొద్దంతా కిటికీ వైపే చూసింది.

"ఇయ్యాల పెడ్తలేరేంది? ఊరందరికి నచ్చిందంటివి గద?"

రూలు సంగతి చెప్పాను.

"గింత పిచ్చి రూలు ఎవడు పెట్టిండు?"

మిషను మీద పని ఉందని లేచి వచ్చేశాను.

ఐదో రోజుకు ఆమెకు మాట కూడా కష్టమైంది. "ఒక్కసారి పెట్టమను," అంది. దారి దాటాను. హోటల్ మెట్టు మీద కాలు పెట్టానో లేదో లోపలి నుంచి ఎవరో నవ్వారు: "ఏం దర్జీ, మళ్ల కొత్త రూలా?" అందరూ నా వైపు తిరిగారు. పాట సంగతి ఎత్తకుండానే మెట్టు దిగాను. చాయ్ కూడా తాగకుండా తిరిగొచ్చాను.

"పెడ్తరా?" అని అడిగింది.

"పెడ్తరు," అన్నాను.

ఆమె నమ్మింది. కళ్ళు కిటికీ మీదే పెట్టుకుని వింటూ పడుకుంది. ఈ పాట అయ్యాక ఆ పాట, అది అయ్యాక ఇంకొకటి వేశారు. ఆమెది వేయలేదు. మధ్యాహ్నం దాటకముందే పోయింది.

మట్టి చేసి వచ్చాక హోటల్ భాయ్ అరుగు మీదికొచ్చి నా పక్కన కూర్చున్నాడు. మట్టి దగ్గర నేను ఏడుస్తూ అన్న పాట సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. ఏడుస్తున్నాడు.

"మెట్ల మీద నిలబడి వాపస్ పోయినవు. చాయ్‌కు వచ్చినవనుకున్న. జర ఒక్క మాట అంటే పెట్టకపోదునా? ఆ రూలు మనకే గదయ్యా, ఆ బిడ్డకా?"

ఎదురుగా పలక కనిపిస్తూనే ఉంది. అన్నిటికంటే పైన ఆమె పాట పేరు ఉంది. ఆ వారమంతా నా రూలును ఊళ్ళో ఒక్కరు కూడా మీరలేదు.