తీగల కింద కానుగ

ఎదురు వైపు ఖాళీగా ఉండగా, మా వీధిలో మళ్లీ కరెంటు తీగల కిందే మొక్కలు నాటారు. ఇది అన్యాయం.

నేను లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. శ్రీకాకుళంలో అరసవల్లి దారి పక్కన మా వీధి. డాక్టర్ల కాలనీలో తీగలు భూమిలోంచి పోతాయి కనుక అక్కడి చెట్లు మేడల్ని దాటి ఎదిగాయి. మాకేమో తీగలు నెత్తి మీదే. ఏటా వానలకు ముందు ఎల్‌సీ తీసుకుని, అంటే పని అయ్యేదాకా ఆ లైనులో కరెంటు ఆపించి, మా వీధి కానుగ కొమ్మలు కొట్టేవాళ్లం. తీగల వైపు గుండు, రోడ్డు వైపు జుట్టు.

ఆ చెట్టు కింద చేపలమ్మే పైడమ్మ నాకు వరసకు కోడలు.

“కత్తి అట్టుకొచ్చీసినావా మావా? నా నీడ మీద నీకెందుకంత పగ?”

“కొమ్మ తగిల్తే వీధంతా కరెంటు పోతాదే అమ్మా.”

“పోతే పోనీ. నీడ నువ్వు నరికీస్తే, కరెంటొచ్చి నా సేపలకి గొడుగు పడతాదేటి?”

ఒకవైపే బరువెక్కిన చెట్టు కిందటేడు గాలివానకు రోడ్డు మీదకు ఒరిగిపోయింది. ఎండకు మెత్తబడ్డ చేపను ఎవరు ముట్టుకుంటారు? పైడమ్మ బేరం పడిపోయింది.

సరిగ్గా అదే చోట మళ్లీ కానుగ మొక్కలు దింపారు. నాటిస్తున్న కుర్ర అధికారిని పట్టుకున్నాను.

“బాబూ, ఓపాలి పైకి సూడు. అవేటి?”

“తీగలు, తాతగారూ.”

“మరి నీ ప్లాన్‌లో లేవేటి?”

“తీగలు మా శాఖవి కావండి.”

ఆ కోపంలో రెండు అర్జీలు రాశాను. మొక్కలు ఎదురు వైపుకు మార్చమని చెట్లవాళ్లకొకటి, స్తంభాలు ఎదురు వైపుకు మార్చమని కరెంటువాళ్లకొకటి. నా సర్వీసులో రెండు ఆఫీసులు ఒకేసారి కదలగా చూసి ఎరగను. ఏ ఒక్కటి కదిలినా పైడమ్మకు నీడ దక్కుతుందని నా ధీమా. అర్జీలిచ్చి కొత్తవలసలో కూతురింటికి వెళ్లాను.

మొక్క నాటేవాడు గొయ్యి తవ్వే ముందు తలెత్తి చూడాలని నాకు ఉద్యోగం నేర్పింది. అర్జీ రాసేవాడు ఒక్కటి రాసి ఊరుకోవాలని మాత్రం కూతురింట్లో ఉండగా ఫోనుకు వచ్చిన ఈ జవాబే నేర్పింది:

“మీ రెండు అర్జీలూ సంతృప్తికరంగా పరిష్కరించబడినవి. మొక్కలు ఎదురు వైపుకు మార్చబడినవి. స్తంభాలు కూడా ఎదురు వైపుకే మార్చబడినవి.”