మేనకోడలి పెళ్లికి నేను రాసిన జాగ్రత్తలు

మా చెల్లెలు తన కూతురి పెళ్లి థాయ్‌లాండ్‌లో చేస్తున్నామని చెప్పడానికి వచ్చినప్పుడు నేను ఇంటర్ పిల్లల కామర్స్ పేపర్లు దిద్దుతున్నాను. సముద్రం ఒడ్డున రిసార్టట. నలభై మంది చుట్టాలట. పంతులుగారితో సహా అందరినీ ఇక్కడినుంచే తీసుకెళ్తారట. బావగారిది రొయ్యల మేత వ్యాపారం. ఆయన ఏదైనా అనుకున్నాక ఇక చర్చ ఉండదు.

"అన్నయ్యా, మనవాళ్లలో సగం మంది విమానం ఎక్కినవాళ్లు కారు. ఏం తెచ్చుకోవాలో, ఏం తేకూడదో నువ్వు కాస్త రాసి పెట్టు. నువ్వు చెబితే వింటారు" అంది చెల్లెలు.

నేను మాత్రం దేశం దాటి ఎప్పుడు వెళ్లానని? ఆ మాట అనలేదు. ముప్పై ఏళ్లుగా పిల్లలకు నోట్సు రాయించిన అలవాటు. ఎవరైనా రాసిపెట్టమంటే కాదనలేను. పైగా పెళ్లికూతురికి నేను మేనమామని. బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావాల్సినవాణ్ణి. ఆ పని కోసం మంగళగిరి వెళ్లి జరీ అంచు పంచె కూడా కొనుక్కున్నాను.

వారం రోజులు కూర్చుని, తెలిసినవాళ్లని అడిగి, రెండు పేజీల జాగ్రత్తలు రాశాను. పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. టికెట్ మీద పేరూ పాస్‌పోర్టులో పేరూ ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఎండుకొబ్బరి పట్టుకురావద్దు, ఎయిర్‌పోర్టులో తీయించేస్తారు. ఆవకాయ సీసాలు పెద్ద పెట్టెలోనే పెట్టాలి, చేతి సంచిలో కుదరదు. మందులు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి, డాక్టరు చీటీతో సహా. థాయ్‌లాండ్ వాళ్ల ఆన్‌లైన్ ఫారం మూడు రోజుల ముందు నింపాలి, నింపడం రానివాళ్లకి నేనే నింపి పెడతాను.

దాన్ని పెళ్లి వాట్సాప్ గ్రూపులో పెట్టిన రోజునుంచీ నాకు ఊపిరాడలేదు. ఒకరు కరివేపాకు తేవచ్చా అని, ఒకరు కట్టుడు పళ్లు తీసి మిషన్‌లో పెట్టాలా అని. మా పిన్ని కొడుకు, నాకంటే ఆరేళ్లు చిన్నవాడు, ఫోన్ చేసి "అన్నయ్యా, పాస్‌పోర్టులో నాకు మీసం ఉంది, ఇప్పుడు తీసేశాను, పెంచమంటావా?" అని అడిగాడు. ఫరవాలేదన్నాను. ఓపిగ్గా అందరికీ చెప్పాను. కొందరి పాస్‌పోర్టులు తెప్పించుకుని, గడువు తేదీలు నేనే చూసిపెట్టాను.

నా పాస్‌పోర్టు గురించి ఒక్క మాట చెప్పాలి. ఎప్పుడో కాలేజీ తరఫున శ్రీలంక తీసుకెళ్తామంటే చేయించుకున్నది. ఆ ప్రయాణం జరగలేదు. బుడమేరు పొంగి విజయవాడలో మా సింగ్ నగర్ మునిగినప్పుడు మా ఇంట్లో బీరువా సగం దాకా నీళ్లు వచ్చాయి. మేము మేడ మీద వాటా వాళ్లింట్లో ఉన్నాం. నీళ్లు తీశాక కింది అర తెరిస్తే ఇంటి కాగితాలు, నా డిగ్రీ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు అన్నీ బురదలో ఉబ్బి ఉన్నాయి. ఒక్కోదాన్నీ కడిగి, ఫ్యాన్ కింద ఆరబెట్టి, లావుపాటి పుస్తకాల కింద పెట్టాం. పాస్‌పోర్టు బాగానే ఆరింది. అట్ట కొంచెం వంకర తిరిగింది, అంతే. అక్షరాలు కనిపిస్తున్నాయి, ఫోటో కనిపిస్తోంది, గడువు మూడేళ్లుంది. నేను రాసిన రెండు పేజీల్లో తడిసిన పాస్‌పోర్టు గురించి ఎక్కడా లేదు. ఎందుకంటే అదొక విషయమని నాకే తెలియదు.

బుధవారం సాయంత్రానికి మా బ్యాచ్ పద్దెనిమిది మందిమీ హైదరాబాదు చేరాం. గురువారం పొద్దున ఎయిర్‌పోర్టులో అందర్నీ వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కరి కాగితాలూ చేతికిచ్చి ముందుకు పంపించాను. నేనూ, మా ఆవిడా, వీల్‌చెయిర్‌లో మా అమ్మా చివరికి మిగిలాం. వాళ్లిద్దరి పాస్‌పోర్టులూ ఈ పెళ్లి కోసమే కొత్తగా చేయించాం. చిటికెలో అయిపోయింది. నాది ఇచ్చాను.

కౌంటర్లో అమ్మాయి మిషన్ మీద మూడుసార్లు గీసింది. తర్వాత ఫోటో ఉన్న పేజీని గోటితో మెల్లిగా తాకింది. పైన ఉన్న పొర ఒక మూల లేచింది.

"సార్, ఇది తడిసిందా?"

"వరదలో తడిసిందమ్మా. ఆరబెట్టాం. అన్నీ కనబడుతున్నాయి కదా."

"ఒక్క నిమిషం సార్."

ఆమె వెళ్లి ఇంకొకాయన్ని తీసుకొచ్చింది. ఆయన పేజీని వెలుతురుకి పెట్టి చూశాడు. కోపంగా మాట్లాడి ఉంటే నేనూ ఏదైనా అనేవాణ్ణేమో. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"ఇది డ్యామేజ్ అయిన పాస్‌పోర్టు కింద లెక్కండీ. మేం ఎక్కించినా అక్కడ దిగగానే వెనక్కి పంపించేస్తారు. మీరే ఇబ్బంది పడతారు."

"నేను పెళ్లికూతురి మేనమామనండీ."

ఆ మాట ఎందుకన్నానో నాకు తెలియదు. ఆయన తల ఊపాడు. "అర్థమైంది సార్. కానీ మా చేతుల్లో లేదు" అన్నాడు.

ముందే అక్కడికి చేరిన బావగారికి ఫోన్ చేశాను. "ఎవరితో మాట్లాడాలో చెప్పు బావా, నేను మాట్లాడతా" అన్నారు. ఎవరితో మాట్లాడాలో ఉంటే కదా చెప్పడానికి. ఆయన కూడా కాసేపటికి ఫోన్ పెట్టేశారు.

"నేనూ ఆగిపోతానండీ" అంది మా ఆవిడ.

"అమ్మని ఎవరు చూస్తారు? నువ్వు వెళ్లాలి."

వీల్‌చెయిర్ తోసే అతను తొందరపెడుతున్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఏమైందిరా?" అంది.

"చిన్న పేచీ అమ్మా. రేపు వచ్చేస్తాను. నువ్వు పద."

డెబ్బై ఆరేళ్ల మనిషికి, మొదటిసారి విమానం ఎక్కబోతున్న మనిషికి నిలబడి అబద్ధం చెప్పాను. ఆమె నమ్మి చెయ్యి వదిలింది. గాజు తలుపుల అవతల వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి, బయటికి వచ్చి, విజయవాడ బస్సెక్కాను.

సూర్యాపేట దగ్గర బస్సు టీ కోసం ఆగింది. ఫోన్ చార్జర్ కోసం భుజం సంచిలో చెయ్యి పెడితే చేతికి జిప్పున్న చిన్న గుడ్డ సంచి తగిలింది. అమ్మ మందులు. బీపీవి, షుగరువి, థైరాయిడ్‌వి, వారానికి సరిపడా, డాక్టరు చీటీతో సహా. మందులు చేతి సంచిలోనే ఉండాలని రాసినవాణ్ణి కదా, నా చేతి సంచిలోనే పెట్టుకున్నాను.

అప్పటికి విమానం గాల్లో ఉంది. ఫోన్ చేసినా ఎవరూ ఎత్తరు. నేను ఆ గుడ్డ సంచి చేత్తో పట్టుకుని బస్సు పక్కన నిలబడ్డాను. డ్రైవరు హారన్ కొట్టాక ఎక్కి కూర్చున్నాను. మూడు గంటల పాటు నేను చేయగలిగిన పని ఒక్కటి కూడా లేదు. ఆ మూడు గంటలు ఇప్పటికీ నాకు బాగా గుర్తున్నాయి.

సాయంత్రానికి ఫోన్ కలిసింది. మా ఆవిడ ఏడవలేదు, నన్ను తిట్టలేదు. "చీటీ ఫోటో పంపండి" అంది. పంపాను. రిసార్టు వాళ్లు మందుల షాపుకి తీసుకెళ్లారట. మన దగ్గర రాసే పేర్లు అక్కడ లేవు. అసలు మందు పేరేమిటో చెప్పమన్నారు. శుక్రవారం పొద్దున్నే గవర్నర్‌పేటలో మా డాక్టరుగారి క్లినిక్ ముందు కూర్చున్నాను. ఆయన వచ్చేసరికి పదకొండయింది. మందుల అసలు పేర్లు, ఎంత మోతాదో కాగితం మీద రాసి, "బీపీ మాత్ర మాత్రం మానకూడదండీ" అన్నారు. అప్పటికే ఒక పూట తప్పింది.

అక్కణ్ణుంచి పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్లాను. అక్కడ కూర్చున్నావిడ నా పాస్‌పోర్టు చూసి, వరదలో తడిసినవి చాలా వచ్చాయండీ అంది. ఎలా అప్లై చేయాలో, ఏ కాగితాలు జతచేయాలో ఓపిగ్గా చెప్పింది.

"ఆదివారం పెళ్లండీ."

"ఈ ఆదివారమా?" అంది. నేను తల ఊపాను. ఆమె మంచినీళ్లు తాగుతారా అని అడిగింది.

ఈ మధ్యలో గ్రూపులో నాకు ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. నేను రాలేదన్న సంగతి సగం మందికి తెలియదు, తెలిసినవాళ్లు కూడా అలవాటు కొద్దీ నన్నే అడుగుతున్నారు. "మాస్టారూ, గదిలో లైట్లు వెలగట్లేదండీ." తలుపు పక్కన గాడిలో కార్డు పెట్టండి అని బెంజ్ సర్కిల్ దగ్గర రోడ్డు పక్కన నిలబడి జవాబు రాశాను. "మాస్టారూ, బీచ్‌లో ఎర్ర జెండా పెట్టారు, దిగొచ్చా?" దిగొద్దు అని రాశాను. వాళ్లందరూ సముద్రం ముందు నిలబడి ఉన్నారు. నేను ఆటో కోసం చూస్తున్నాను.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేయించింది. "రేపొస్తానన్నావు. రేపంటే ఇవాళే కదరా?" అంది. అప్పుడు నిజం చెప్పాను. ఫోన్ మా ఆవిడ చేతికి వచ్చింది. శనివారం మెహందీ దగ్గర అమ్మకి కళ్లు తిరిగాయి. మందులు దొరికాయి గానీ వేళలు తప్పాయి కదా. రిసార్టులో నర్సు వచ్చి బీపీ చూసి పడుకోబెట్టింది. ఇదంతా నాకు సాయంత్రం, అంతా సర్దుకున్నాక చెప్పారు. ముందే చెబితే మాత్రం ఏం చేసేవాణ్ణి?

బుట్ట సంగతి చెల్లెలు అడగలేక అడగలేక అడిగింది. "మన పిన్ని కొడుకు చేత పట్టిద్దామా అన్నయ్యా? వాడూ మేనమామే కదా."

"పట్టించమ్మా. వరసకేం లోటు లేదు" అన్నాను.

ఆదివారం ముహూర్తం అక్కడి టైము ప్రకారం పన్నెండుంపావు. మనకి పదీ నలభై అయిదు. తలస్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని, ఫోన్‌ని గోడకి ఆనించి హాల్లో కుర్చీ వేసుకున్నాను. ఒక చిన్న గిన్నెలో బియ్యం పసుపు కలిపి అక్షింతలు చేసుకున్నాను. మా ఆవిడ వీడియో కాల్ పెట్టింది. సముద్రం గాలి హోరు తప్ప వేరే ఏ శబ్దమూ సరిగ్గా వినబడలేదు. ఎవరివో వీపులు, పూల స్తంభం, మళ్లీ వీపులు. జనం పక్కకి జరిగారు. పిన్ని కొడుకు, ఇంకో ఇద్దరు కుర్రాళ్లు బుట్టని ఎత్తుకుని వస్తున్నారు. వాడు కట్టుకున్నది నా పంచె. మా ఆవిడ పెట్టెలో ఉండిపోయింది కదా, ఇచ్చి ఉంటుంది. వాడికి చక్కగా ఉంది. ఎక్కడా తొణక్కుండా తెచ్చాడు. నేనైతే ఒకసారి ఆగి ఊపిరి తీసుకునేవాణ్ణి.

ఫోన్ దగ్గరికి వచ్చినప్పుడు మేనకోడలు వంగి చూసింది. "మావయ్యా, కనబడుతున్నానా?" అన్నట్టు పెదాలు కదిలాయి.

"కనబడుతున్నావమ్మా" అన్నాను. దానికి వినబడలేదు.

పంతులుగారు జీలకర్ర బెల్లం చేతికిచ్చారు. నేను గుప్పిట్లోకి అక్షింతలు తీసుకున్నాను. బొమ్మ ఆగిపోయింది. గుండ్రంగా చుక్క తిరుగుతోంది. ఎప్పుడు వేయాలో తెలియలేదు. వేస్తే ఎక్కడ వేయాలో కూడా తెలియలేదు. బొమ్మ మళ్లీ వచ్చేసరికి తలంబ్రాలు నడుస్తున్నాయి, అందరూ నవ్వుతున్నారు. చెమటకి బియ్యం అరచేతికి అంటుకుపోయాయి. వాటిని దేవుడి అరలో పెట్టి వచ్చాను.

వాళ్లందరూ మంగళవారం తిరిగి వచ్చారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అందరూ రాసిపెట్టిన కాగితం ఎంత పనికొచ్చిందో చెప్పారు. కొత్త పాస్‌పోర్టు నెల తిరక్కుండా వచ్చింది. దాంతో ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేదు. మా కాలేజీలో ఒకాయన వాళ్ల బంధువుల పెళ్లి బాలిలో అంటే ఆ రెండు పేజీలూ ఆయనకి పంపాను. పాస్‌పోర్టు ఎప్పుడైనా తడిసి ఉంటే, ఎంత బాగా ఆరినా, వెంటనే మార్పించుకోవాలని మొదటి వాక్యంగా చేర్చాను. ఒకరి మందులు ఇంకొకరి సంచిలో పెట్టకూడదని రెండోది.

ఆ తర్వాత ఒకరోజు అమ్మకి బీపీ చూపించడానికి గుణదల నుంచి ఆటోలో తీసుకొస్తున్నాను. మా చెల్లెలింట్లో నాలుగు రోజులుండి వస్తోంది. థాయ్‌లాండ్ సంగతులు అప్పటిదాకా ఆమె నాతో మాట్లాడలేదు.

"అక్కడ దిగాక ఒక పెద్ద హాల్లో నన్ను ఒక్కదాన్నే కాసేపు కూర్చోబెట్టారురా" అంది. "మీ ఆవిడ సామాన్ల కోసం వెళ్లింది. ఎవరు ఏం మాట్లాడుతున్నారో తెలియదు. నాకు బాత్‌రూమ్‌కి వెళ్లాలి. ఎవర్నీ అడగలేదు. అట్లాగే కూర్చున్నా."

"ఎంతసేపమ్మా?"

"ఏమో. చాలాసేపు."

ఆటో కుదుపుకి ఆమె పక్కకి ఒరిగితే భుజం పట్టుకున్నాను. ఆమె క్లినిక్ వచ్చేదాకా రోడ్డు చూస్తూ కూర్చుంది.